శరత్కాలమున పెరటి తోట



భాద్రపదము వెళ్ళి ఆశ్వయుజము వచ్చినది. వానలు తెరపి యిచ్చిన ఈ దినములలో మన పెరళ్ళ నొకసారి చూచుకొందము. కలుపు మోకాలెత్తు పెరిగినది. పగిలిన కుండలలో నీరు నిలిచినది. ఆ నీటిలోని దోమగ్రుడ్డు వారము పది దినములలోనే దోమ యగును. కావున మొదటి పని శుభ్రత. కుండలు బోర్లింపవలెను. విత్తు కట్టని కలుపును, రాలిన ఆకులను, పేడను కలిపి గోతిలో వేసినచో వేసవి నాటికి ఎరువు సిద్ధమగును.

రెండవ పని నాటుట. కోస్తా జిల్లాలలో అక్టోబరు, నవంబరు మాసములందు వాయుగుండములు వచ్చుట కలదు. కనుక జానెడు ఎత్తు మళ్ళు కట్టి వంగ, టమాట నారు పోయవలెను. నాలుగు వారములకు నారు అందివచ్చును. తోటకూర అంతలోనే కోతకు వచ్చును. స్నానపు నీటిని కాలువ తీసి అరటి పాదునకు మళ్ళించినచో వీధిలో బురద యుండదు.

ఇది అలంకారము కొరకు కాదు. 'ఎ' విటమిను కొరవడిన పిల్లలకు రేచీకటి వచ్చును. ఆకుకూరలు ఆ కొరత తీర్చును. పెద్దలకు దినమునకు 100 గ్రాముల ఆకుకూర కావలెనని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సూచించుచున్నది. కొనలేని యింటికి పెరడే ఆధారము.

"వేసినా పశువులు మేసిపోతాయి గదా!" అని గ్రామములలో మేము తరచు వినుచుందుము. దీనికి బదులు చెప్పవలసినది పంచాయతీయే. బందెలదొడ్డిని బాగుచేయింతము; విత్తనములు పంచుదము. అన్నిటికంటె ముందు మన పెరడు మనము దిద్దుకొందము. సభ్యుని యింటి వెనుక చెత్త యుండగా ఊరికి చెప్పు మాటకు విలువ యుండదు.