బాకీకి బదులు వాటా



కరెంటు బిల్లు గడువు దాటితే మన ఇంటి ఫ్యూజు పీకేస్తారు. మరి సర్కారుకు వేలకోట్లు బాకీపడ్డ కంపెనీని? వొడాఫోన్ ఐడియా సంగతే చూడండి. 2019 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పుతో పాత బాకీలు మెడకు చుట్టుకున్నాయి. 2021లో ప్రభుత్వం నాలుగేళ్ల గడువిచ్చింది. 2023లో 16,133 కోట్ల వడ్డీకి బదులు షేర్లు పుచ్చుకుంది. 2025లో మరో 36,950 కోట్ల స్పెక్ట్రం బాకీకీ అంతే. షేరు పది రూపాయల లెక్కన! అప్పుడు బజారులో దాని ధర ఏడు రూపాయలైనా లేదు. ఆ తేడా ఎవరి సొమ్మండీ? మనదే కదా.

సర్కారు అండ ఉందనుకుని 2024 ఏప్రిల్‌లో పదకొండు రూపాయలకు అదే షేరు కొన్న చిన్న మదుపరి ఎవరినడగాలి? జూలైలో మూడు ప్రైవేటు ఫోను కంపెనీలూ చార్జీలు పెంచాయి. ఆ భారం వాడకందారుది.

ఇది మునిగితే ప్రైవేటులో రెండే మిగులుతాయి, అప్పుడు ఆడింది ఆట అవుతుందంటారు. ఆ మాట నేను కొట్టిపారేయను. కానీ తరగతిలో ఈ లెక్క వేయిస్తుంటే ఒక కుర్రవాడు, "సార్, సొసైటీ బాకీకి మా నాన్న బర్రెలో వాటా రాసిస్తే ఒప్పుకుంటారా?" అన్నాడు. పిల్లలంతా నవ్వారు. బర్రెలో వాటా తీసుకుంటే పాలైనా అడుగుతారు. ఇక్కడ ప్రభుత్వ వాటా 2025లో సుమారు 49 శాతానికి చేరినా, నిర్వహణ మాత్రం పాత యాజమాన్యం చేతిలోనే ఉండిపోయింది.