చెట్టు నీరు త్రాగే విధము
(శ్రీనివాసపురం ఉగాది సభలో చేసిన ప్రసంగము)



ఈ ఉదయం మనమందరమూ గుమ్మాలకు మామిడి తోరణాలు కట్టుకొన్నాము. సాయంత్రానికి ఆ ఆకులు వాడిపోతాయి. అవే ఆకులు చెట్టున ఉన్నంత కాలం ఎంత ఎండలోనైనా పచ్చగా నిలుస్తాయి. వేరు నుండి వాటికి నీరు అందుతూ ఉంటుంది గనుక.

అయితే ఆ నీరు అంత పైకి ఎట్లా ఎక్కుతుంది? స్టేషనులో ఎత్తు మీది తొట్టికి నీరు ఎక్కించాలంటే పంపు కావలె. పైనుండి పీల్చే పంపు అయితే 34 అడుగులకు మించి నీటిని లాగలేదు. అమెరికాలోని రెడ్‌వుడ్ చెట్లు కొన్ని 300 అడుగులు దాటినవి. వాటి చిటారు ఆకుకు కూడా నీరు అందుతున్నది!

దీనికి సమాధానం 1894లో డబ్లిన్ నగరపు శాస్త్రజ్ఞులు డిక్సన్, జోలీ చెప్పినారు. ఆకుకు కంటికి కానరాని సన్నని రంధ్రాలున్నవి. పగటి వేళ వాటి గుండా నీరు ఆవిరియై పోతుంది. పోయిన నీరు తన వెనుక నీటిని లాగుతుంది. రైలు పెట్టెలు కొక్కేలతో ఒకదానికొకటి తగులుకొని ఉన్నట్లే, నీటి అణువులు ఒకదానినొకటి విడువక పట్టుకొని ఉంటవి. ముందు ఇంజను ఆకు. చివరి పెట్టె వేరు దగ్గర. ఇంజనుకు బలమిచ్చేది సూర్యుడు. వేరు పీల్చిన నీటిలో నూటికి 95 పాళ్లకు పైగా ఇట్లా గాలిలో కలిసిపోయేదే.

ఈ సంగతి తెలియక మేము ఒక మొక్కను పోగొట్టుకొన్నాము. మంచి మామిడి అంటు తెచ్చి, మిట్టమధ్యాహ్నం పెరట్లో నాటి, బిందెలతో నీరు పోశాము. అయినా వాడిపోయింది. తోటపని తెలిసిన పెద్దాయన ఒకరు చూచి, “నీళ్లు తక్కువై కాదప్పా, ఆకులు జాస్తయి” అన్నారు. మొక్కను కదిలించినప్పుడు నీరు పీల్చే వెంట్రుకల వంటి సన్నని వేళ్లు తెగిపోతవి. పైన ఆకులు మాత్రం లాగుతూనే ఉంటవి. మరుసటి ఏడు వానలు పడ్డాక, సాయంత్రం వేళ, సగం ఆకులు తీసి, నీడ కట్టి నాటాము. అది బ్రతికింది.

మన శ్రీనివాసపురం మామిడికి పేరు పొందినది. కాని కోలారు జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. చెరువులూ, బోరుబావులే దిక్కు. నేలలోని నీటిని జాస్తిగా లాగుతవని నీలగిరి చెట్లను కొత్తగా నాటరాదని కర్ణాటక ప్రభుత్వం 2017లో ఆజ్ఞ చేసినది. ఎండ ఎంత లాగినా, నేలలో తడి లేనిదే ఆకుకు అందేది ఏమున్నది? కనుక రాలిన ఆకులను తగులబెట్టక చెట్టు మొదట్లో పరచండి. నేల తడి నిలుస్తుంది. తొలకరి పడగానే ప్రతి ఇంటి పిల్లలూ ఒక్కొక్క మొక్క నాటవలెనని మా కోరిక.

చివరగా ఒక మాట. మనమూ ఒక చోట నుండి పెకలించుకొని వచ్చినవారమే. కొత్త వేళ్లు పట్టేదాకా మనకు నీడ ఇచ్చినవారున్నారు. ఈ ఏడు కొత్తగా వచ్చిన కుటుంబాలకు ఆ నీడ మనము ఇవ్వవలె.