గట్టుపై నడక – వయస్సు



“పొలం పని చేసేవానికి వేరే వ్యాయామమెందుకు?” అని మీరడుగవచ్చును. 20 ఏండ్ల వయస్సులో అది చాలవరకు నిజమే. 30 దాటిన పిమ్మట కండ మెల్లగా తగ్గనారంభించును. 60 దాటినచో తగ్గుదల హెచ్చగును. అయితే బలము కంటె వేగముగా పోవునది చురుకు.

మా నాయనగారు 68వ యేట కూడ 45 కిలోల యూరియా బస్తా ఎత్తేవారు. అట్టివారే ఒక రాత్రి మోటారు వేయబోయి, తడిగట్టుపై జారి తుంటి విరుగగొట్టుకొన్నారు. జారిన కాలిని తటాలున నిలద్రొక్కుకొనలేకపోయినారు. బస్తా ఎత్తగల బలమొక్కటే ఇందుకు చాలదు.

65 దాటినవారు వారమునకు కనీసము 3 రోజులు నిలకడకు, బలమునకు తగిన కసరత్తు చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. ఖర్చేమియు లేదు. వసారా స్తంభము పట్టుకొని ఒక్కొక్క కాలిపై పది లెక్కపెట్టువరకు నిలువుడు. అరుగుపై కూర్చుండి, చేతుల ఊతము లేకుండ పదిసార్లు లేవుడు. గోడ ప్రక్కనే, మడమకు వ్రేళ్లు తగులునట్లు పది అడుగులు వేయుడు. ఎవరైన చూచి నవ్వినచో నవ్వనిండు. తల తిరిగినను, మోకాలు నొచ్చినను ఆపి డాక్టరుకు చూపుకొనుడు.

నాయనగారిప్పుడు ఉదయము స్తంభము పట్టుకొని నిలుచుచున్నారు. రాత్రి మోటారు మాత్రము మా తమ్ముడు వేయుచున్నాడు.