కోట కమాను నుండి కంచంలోని వంకాయ వరకు: విద్యాయాత్ర నేర్పవలసిన పాఠం



పాఠశాల డెబ్బది అయిదేండ్లు నిండించుకొన్న వేళ గడచిన కాలాన్ని తలచుకొనుట సహజమే. అంతకన్న ప్రయోజనకరమైన ప్రశ్న ఒకటి ఉన్నది. పాఠశాల గోడలు దాటిన పిల్లవాడు దేనిని చూచి ఏమి నేర్చుకొంటున్నాడు? ఏటేటా విహారయాత్ర పేరిట ఊరూరా బడుల నుండి బస్సులు బయలుదేరుతున్నవి. పిల్లలు ఆటల పార్కులో నీళ్ళలో ఆడి, ఫొటోలు తీసికొని, అర్ధరాత్రికి ఇల్లు చేరుతున్నారు. ఆనందించుటలో దోషం లేదు. అయితే తల్లిదండ్రులు చెమటోడ్చి ఇచ్చిన సొమ్ములో చదువు పాలు ఎంత అని అడుగుటలోను దోషం లేదు. విద్యాయాత్ర ఎట్లుండవచ్చునో చూపుటకు ఒక్క విషయాన్ని ఉదాహరణగా తీసికొనవచ్చు. అది మూరుల ప్రభావం. కట్టడాలలోను, వంటలోను దాని జాడలు వెదకుటకు తొలి అడుగు ఒడుగత్తూరు నుండియే వేయవచ్చు.

మూరులనగా ఎవరు? క్రీ.శ. 711లో ఉత్తర ఆఫ్రికా నుండి సముద్రం దాటి స్పెయిన్‌లో ప్రవేశించి, 1492లో గ్రెనడా నగరం చేజారు వరకు అక్కడి వివిధ భాగాలను పాలించిన ముస్లిములను ఐరోపావారు ఆ పేరుతో పిలిచినారు. వారికి ఆర్కాటుతో సంబంధమేమని అడుగవచ్చు. పదునెనిమిదవ శతాబ్దిలో ఈ తీరానికి వచ్చిన ఆంగ్లేయులు ఇక్కడి ముస్లిములను కూడ ‘మూరులు’ అనియే వ్రాసినారు. హిందుస్తానీ భాషకు సైతం ‘మూర్స్’ అని పేరు పెట్టినారు. కావున నాటి ఇంగ్లీషు గ్రంథాలలో ఆర్కాటు నవాబు మూరే, కొర్డోబా పాలకుడు మూరే. పేరొక్కటి అయినంత మాత్రాన వస్తువొక్కటి అగునా? విద్యార్థి తన కన్నులతో చూచి తేల్చుకొనవలసిన మొదటి సంగతి ఇదియే.

తొలి మజిలీ వేలూరు కోట. పెద్దలు రాయవేలూరు అని పిలుచుకొన్న ఊరు అది. పదునారవ శతాబ్దిలో విజయనగర సామంతులైన చిన్న బొమ్మినాయకుడు, తిమ్మారెడ్డి కట్టించినట్లు చెప్పబడే ఈ కోట తరువాత బిజాపూరు సుల్తానుల చేతికి, మరాఠాల చేతికి, మొగలుల చేతికి, కడపట ఆంగ్లేయుల చేతికి పోయినది. 1799లో శ్రీరంగపట్నం పతనమైన పిదప టిప్పు సుల్తాను కుటుంబాన్ని ఇక్కడనే నిర్బంధించినారు. 1806 జూలై 10న సిపాయిల తిరుగుబాటు ఇక్కడనే చెలరేగినది. ఆ అగడ్త లోపల జలకంఠేశ్వరాలయం, నవాబుల కాలపు మసీదు, 1846లో కట్టిన సెయింట్ జాన్స్ చర్చి మూడును ఉన్నవి. తరతరాలు పూజ లేక ఉన్న ఆలయంలో 1981లో లింగం తిరిగి ప్రతిష్ఠింపబడినది.

ఇక్కడ పిల్లలకు చూపవలసినది రాజుల వరుస మాత్రమే కాదు. కల్యాణ మంటపంలో నిలిచి పైకి చూడుమనవలెను. అక్కడ రాతి స్తంభం మీద రాతి దూలం పరచినారు. రాతి దూలం పొడవెక్కువైతే తన బరువునకు తానే విరుగుతుంది. అందుచేతనే స్తంభాలు దగ్గర దగ్గరగా నిలుపవలసి వచ్చినది. శిల్పి ఆ ఇబ్బందినే అవకాశంగా మార్చుకొని ప్రతి స్తంభాన్ని యాళులతో, గుర్రాలతో, రౌతులతో నింపినాడు. పిదప మసీదు కమాను ఎదుట నిలుపవలెను. కమానులో ఒక్క పెద్ద రాయి అవసరం లేదు. చిన్న రాళ్ళనో ఇటుకలనో వంపుగా పేర్చి సున్నంతో బిగించగా, ఒకటి మరియొకదానిని నొక్కి పట్టి, బరువు ఇరుప్రక్కల గోడలకు దిగుతుంది. అందుకే ఆ గోడలు దళసరిగా ఉండును. భౌతికశాస్త్రం తరగతిలో చెప్పిన బలాల పాఠం అక్కడ రాతిలో కనబడుతుంది.

ఈ కమాను స్పెయిన్ నుండి వచ్చినది కాదు. పారశీకం నుండి ఢిల్లీ మీదుగా దక్కనుకు, బహమనీల వద్దకు, బిజాపూరుకు చేరిన కొన తేలిన కమాను ఇది. కొర్డోబా కమాను గుర్రపు నాడా వలె క్రింద లోపలికి ముడుచుకొనును. అక్కడి జామియా మసీదును 785 ప్రాంతంలో మొదటి అబ్దుర్ రహమాన్ ఆరంభించినాడు. ఎనిమిది వందలకు పైగా ఉన్న ఆ స్తంభాలలో చాల భాగం పాత రోమను కట్టడాల నుండి తెచ్చినవి. నాడా కమానును సైతం మూరుల రాకకు పూర్వమే స్పెయిన్‌ను ఏలిన విసిగోతులు వాడినారు. 1236లో ఆ మసీదు క్రైస్తవుల చేతికి వచ్చి కెథెడ్రల్ అయినది. మూరుల శైలి అని లోకం కొనియాడునది కూడ పలువురి చేతుల పని అని దీనివలన తెలియుచున్నది. హంపీలోని లోటస్ మహలు సంగతియు ఇంతే. క్రింద కమానులు, మీద గుడి గోపురాల వంటి అంతస్తుల కప్పు. కట్టించినది విజయనగరమే.

రెండవ మజిలీ ఆర్కాటు. పాలారు ఒడ్డున నవాబుల కోటలో నేడు చెప్పుకొనదగినంతగా మిగిలినది ఢిల్లీ గేటు. 1751లో రాబర్టు క్లైవు సుమారు ఏబది దినాలు ముట్టడికి నిలిచినది ఈ ఊరిలోనే. నవాబు మహమ్మదలీ వాలాజా పిదప మద్రాసుకు తరలిపోయినాడు. 1768లో ఆయనకై కట్టిన చేపాక్ భవనాన్ని ఇండో సారసెనిక్ శైలికి తొలి ఉదాహరణగా పలువురు పేర్కొందురు. మద్రాసు హైకోర్టు భవనం 1892లో పూర్తియైనది ఆ శైలిలోనే. ఆర్కాటులో మొదలైన రుచి చెన్నపట్నపు న్యాయస్థానం గోపురాల దాక ఎట్లు నడచినదో ఒక్క దినపు ప్రయాణంలో చూపవచ్చు.

ఇక నిజముగా స్పెయిన్ చాయ చూడగోరువారు హైదరాబాదు పోవలెను. నిజాము సంస్థానంలో 1893 నుండి 1901 వరకు ప్రధానిగా ఉన్న పైగా ప్రభువు సర్ వికారుల్ ఉమ్రా స్పెయిన్ యాత్రలో కొర్డోబా మసీదును చూచి ముగ్ధుడై, బేగంపేటలో అట్టిదానిని ఆరంభించినాడు. ఆయన 1902లో గతించినను పని ఆగలేదు. 1906లో పూర్తియైన ఆ కట్టడాన్ని జనులు నేటికిని స్పానిష్ మసీదు అని పిలుచుచున్నారు. మినారులకు బదులు చర్చి శిఖరాల వంటి కోణాకృతులు, లోపల నాడా కమానులు దాని ప్రత్యేకత. ఒక యాత్రికుడు కన్నులు తెరచి చూచినందున తెలుగునేల మీద ఒక కొత్త రూపం వెలసినది. విద్యాయాత్రకు ఇంతకన్న మంచి సాక్ష్యం అక్కరలేదు.

కట్టడాన్ని చూచిన కన్ను కంచాన్ని కూడ చూడవలెను. ఆంబూరు బిర్యానీ పేరు తెలియనివారు ఈ ప్రాంతంలో లేరు. అది ఆర్కాటు నవాబుల వంటశాల నుండి వచ్చినదని చెప్పుకొందురు. బిర్యానీ అను మాట పారశీకం. మూత బిగించి, పైన నిప్పులు వేసి దమ్ముకు పెట్టు పద్ధతి మొగలు కొలువులలో వన్నెకెక్కినది. బియ్యం మాత్రం తమిళనేలకు చెందిన సన్నని సీరగ సంబా. ఎండుమిరప అమెరికా ఖండపు పంట. గ్రెనడా చేజారిన 1492లోనే కొలంబసు స్పెయిన్ నుండి ఓడలెక్కినాడు. ఆ దారి తెరచుకొన్న పిదపనే మిరప పోర్చుగీసువారి వెంట భారతదేశం చేరినది.

ఆ బిర్యానీ ప్రక్కన వడ్డించు వంకాయ కూర కథ మరింత వింతైనది. వంకాయ ఈ దేశపు కాయ. సంస్కృతంలో వాతింగణం, పారశీకంలో బాదింగాన్, అరబ్బీలో అల్ బాదిన్జాన్. అరబ్బులు దానిని స్పెయిన్‌కు కొనిపోగా అక్కడ బెరెన్హేనా అయినది, పోర్చుగీసులో బెరింజేలా అయినది. పోర్చుగీసు నావికులతో ఆ పేరు తిరిగి ఈ తీరం చేరి ఆంగ్లేయుల నోట బ్రింజాల్ అయినది. కాయ పుట్టింటనే ఉండగా పేరు మాత్రం లోకం చుట్టి వచ్చినది. నారింజ కూడ అట్టిదే. నారంగం అరబ్బీలో నారంజ్ అయి, స్పానిష్‌లో నరాన్హా అయినది. కొర్డోబా మసీదు ముంగిలికి నేటికిని నారింజల ముంగిలి అనియే పేరు. శర్కర అరబ్బీలో సుక్కర్, స్పానిష్‌లో అసూకర్, తెలుగింట చక్కెర. వరి, చెరకు పంటలను, వాటికి నీరు పారించు కాలువలను స్పెయిన్‌లో విస్తరింపజేసినవారు అరబ్బులే. వలెన్సియా నగరంలో ఆ కాలువల నీటి తగవులు తీర్చు రైతుల న్యాయసభ ప్రతి గురువారం కెథెడ్రల్ వాకిట నేటికిని కూడుచున్నది. చెరువు నీటిని నీరుగంటి పంచి ఇచ్చుట చూచిన పెద్దలకు ఆ సభ పరాయిది అనిపించదు.

మాంసాహారం ముట్టని కుటుంబాల పిల్లలు ఈ పాఠానికి దూరము కానక్కరలేదు. తినుట ముఖ్యం కాదు, అడిగి తెలిసికొనుట ముఖ్యం. వంకాయ కూర ఉన్నది; కోవాతో చేసి, లోపల ఎండుపండ్ల ముక్కలు కూరి, నేతిలో వేయించి, పాకంలో నానవేసిన ఆర్కాటు మక్కన్ పేడా ఉన్నది. యాత్రకు ముందు ఒక వారం తరగతిలో పటం గీయించవలెను. ప్రతి పిల్లవాని చేతిలో ఒక నోటుపుస్తకం ఉండవలెను. ప్రతి మజిలీలో మూడే ప్రశ్నలు: ఇది దేనితో చేసినారు? చేసిన పద్ధతి ఎక్కడి నుండి వచ్చినది? దీని పేరు ఏ భాషది? ప్రార్థనా స్థలాలలో ఆయా నియమాలను పాటించుట కూడ చదువులో భాగమే. తిరిగివచ్చిన పిదప పిల్లలు వ్రాసినవి తల్లిదండ్రుల ఎదుట చదివించవలెను. విదేశాలలో స్థిరపడిన పూర్వ విద్యార్థులు కొర్డోబా పోయినపుడు నాలుగు ఫొటోలు, రెండు పుటల లేఖ పాఠశాలకు పంపినచో అది కూడ గొప్ప కానుకయే.

ఇందులో ఒక తెలుగు పాఠశాలకు ప్రత్యేకమైన అక్కర ఉన్నది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడు వరకు ఈ సీమ, చిత్తూరు సీమ ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లా. తమిళం, తెలుగు, ఉర్దూ ఒకే సంతలో వినిపించిన నేల ఇది. 2006 నాటి చట్టం తమిళాన్ని ఒకటవ తరగతి నుండి అంచెలంచెలుగా తప్పనిసరి చేసినది. తమిళం నేర్చుట ఈ నేలపై బ్రదుకువారికి అవసరమే, మేలే. కాని తెలుగు ఇంటి వాకిలి దాటనిచో క్రమంగా వంటింటికి, ఆ తరువాత ముసలివారి నోటికి పరిమితమగును. కోట కట్టించిన తిమ్మారెడ్డి పేరు చదివి పిల్లవాడు గర్వించవచ్చు. అంతటితో ఆగినచో అది సగం చదువే. ఆ కోటనే కాపాడినవారు, మసీదు కట్టినవారు, బందీలై కన్నీరు కార్చినవారు, ఎదురు తిరిగి ప్రాణాలిచ్చినవారు అందరును ఆ నేలవారేనని గ్రహించినపుడే చదువు పూర్తియగును. తన భాషలో చక్కెర, నారింజ అను మాటలు ఎంత దూరపు చుట్టరికాన్ని మోయుచున్నవో తెలిసిన పిల్లవాడు తన భాషను చిన్నచూపు చూడడు, పొరుగువాని భాషను చిన్నచూపు చూడడు.

రానున్న ఏడాది యాత్రకు బస్సు మాట్లాడునపుడు ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కలిసి కూర్చుండి ఈ మార్గాన్ని ఒక్కసారి ఆలోచింతురు గాక. వేలూరు, ఆర్కాటు, ఆంబూరు అన్నియు దగ్గరనే ఉన్నవి. కావలసినది చూపించగల ఉపాధ్యాయుడు, అడుగగల పిల్లవాడు. ఆ ఇద్దరిని తయారుచేయు పాఠశాల నిండు నూరేండ్లు వర్ధిల్లుగాక!