నల్ల సిరా సాక్ష్యం

 

ఈ రోజు పట్టాలు అందుకున్న మీలో ఇంజనీర్లున్నారు, రసాయన శాస్త్రం చదివినవాళ్లున్నారు, డిజైన్ చదివినవాళ్లున్నారు. మీ అందరికీ ఒక చిత్రకారుడి గురించి చెప్పాలని వచ్చాను. ఆయన పేరు చిత్తప్రసాద్ భట్టాచార్య. 1915లో పుట్టారు. బొమ్మలు సొంతంగా నేర్చుకున్నారు. 1943 కరువు కాలంలో బెంగాల్‌లోని మిడ్నపూర్ జిల్లా పల్లెలు తిరిగి, ఎండిన డొక్కల్నీ పాడుబడ్డ ఇళ్లనీ నల్ల సిరాతో గీశారు. తాను గీసిన మనిషి పేరేమిటో, ఏ ఊరో కూడా రాసుకున్నారు. ఆయన మీద నాకు గౌరవం కలిగింది ఇక్కడే. ఆకలిని గీయడం వేరు, ఆకలితో ఉన్న ఫలానా మనిషిని గీయడం వేరు. ఆ బొమ్మలూ రాతలూ కలిపి ‘హంగ్రీ బెంగాల్’ అనే చిన్న పుస్తకంగా వస్తే, బ్రిటిష్ ప్రభుత్వం దాదాపు 5,000 ప్రతుల్ని పట్టుకుని తగలబెట్టించింది. ఆయన కుటుంబం దగ్గర ఒక్క ప్రతి మిగిలింది. ఆ బొమ్మల్లో ఉన్నది కాదనలేని సాక్ష్యం. అందుకే పాలకులు వాటికి అంత భయపడ్డారు.

నలుపు తెలుపు గీత మన ఉమ్మడి మెదక్ జిల్లాకూ కొత్త కాదు. నిజాంపూర్‌లో పుట్టిన చిత్రకారుడు కె. లక్ష్మా గౌడ్ సిరా గీతలూ ఎచింగులూ దేశమంతా ఎరిగినవే.

ఇక మన నేల సంగతి. 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం చుట్టూ మందుల ఫ్యాక్టరీలు, రసాయన ఫ్యాక్టరీలు వరసగా వచ్చాయి. బతుకుతెరువు దొరికింది, నిజమే. నక్కవాగు మాత్రం చెడిపోయింది. అది పోయి కలిసేది మంజీరలో. వాగు పాడైందని ఊళ్లవాళ్లు మొత్తుకున్నారు, 1990లో ఆ గోడు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పటాన్‌చెరు వైద్యుడు డాక్టర్ అల్లాని కిషన్‌రావు దశాబ్దాల పాటు ఈ పోరాటాన్ని మోశారు. పత్రికల ఫోటోల్లో మనం చూసింది రంగు మారిన నీళ్లనూ నురగనూ. నీళ్లు తేటగా కనబడగానే వాగు బాగుపడిందనుకునే ప్రమాదం అందులోనే ఉంది. అప్పట్లో సుమారు 90 మందుల తయారీ సంస్థల వ్యర్థజలాలు చేరిన ఇక్కడి ఉమ్మడి కేంద్రం శుద్ధి చేసి వదిలిన నీళ్లను స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని తేలింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. దాన్ని నీళ్లలో కంటితో పట్టలేం. మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరిగేది ఇలాంటి చోటే.

రంగును నమ్ముకోకూడదని నలుపు తెలుపు బొమ్మ నేర్పుతుంది. రంగును పక్కన పెడితే కన్ను గట్టు మీదికి పోతుంది, నేల మీద తేలిన ఉప్పు పొర మీదికి, తుప్పు తిన్న బోరు పైపు మీదికి, బీడు పెట్టిన మడి మీదికి పోతుంది. ఒక పగులును గీయాలంటే అది ఎక్కడ మొదలైందో, ఎటు పాకిందో వెతకాలి. ప్రమాదం మీద విచారణ జరిపే ఇంజనీరు చేయాల్సిన పనీ అదే. డిజైన్ విద్యార్థులకు ఒక మాట. తుప్పు చూడ్డానికి బాగుంటుంది, శిథిలం గోడకు తగిలించుకునే బొమ్మవుతుంది. అలాంటి అందాన్ని నేను నమ్మను. అక్కడ ఏం చెడిందో, ఎవరికి చెడిందో మీ బొమ్మ చెప్పాలి.

2025 జూన్ 30న పటాన్‌చెరు దగ్గరి పాశమైలారంలోని ఒక మందుల ఫ్యాక్టరీలో పేలుడు జరిగి నలభై మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ లాంటి రాష్ట్రాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు. కొందరి ఆనవాలు డీఎన్‌ఏ పరీక్ష చేస్తేగాని తెలియలేదు. పక్కన పనిచేసే మనిషి పేరు, ఊరు తెలుసుకోకుండా నడిచే ఏ ఫ్యాక్టరీ అయినా అప్పటికే చెడినట్టే.

మీలో చాలామంది ఈ చుట్టుపక్కలే ఉద్యోగాల్లో చేరతారు. చేరిన మొదటి నెలలోనే మీ ఫ్యాక్టరీ నీళ్లు ఎటు పోతున్నాయో, ఆ దారి వెంట నడిచి చూడండి. చూసింది కాగితం మీద పెన్సిలుతో గీయండి. బొమ్మ సరిగ్గా రాకపోయినా ఫర్వాలేదు. కింద తేదీ వేసి, అక్కడ కనబడిన మనుషుల్ని అడిగి వాళ్లు చెప్పింది రాసుకోండి. ఆ కాగితం తీసుకెళ్లి మీ పై అధికారి బల్ల మీద పెట్టండి.