పరీక్షాభయము - ఊపిరి సాధన

మాఘము దాటి ఫాల్గుణము వచ్చెననగా మన రామగుండము, గోదావరిఖని కార్మికవాడలలో ఇంటింట ఒక భయము ప్రవేశించును. ఇంటర్మీడియట్ పరీక్షలును, వాని వెంటనే పదవ తరగతి పరీక్షలును వచ్చును. తండ్రి రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చునప్పటికి బిడ్డ దీపము క్రింద పుస్తకము పట్టుకొనియే యుండును. చదువులో లోపము లేదు. అయినను ప్రశ్నపత్రము చేతికి రాగానే అరచేతులు చెమర్చును, గుండె దడదడ కొట్టుకొనును, నిన్న కంఠస్థమైన సూత్రము నేడు గుర్తునకు రాదు. పెద్దలు దీనిని సోమరితనమందురు. అది న్యాయము కాదు.

భయము కలిగినపుడు దేహము పరుగునకు సిద్ధపడును. ఊపిరి పొట్టిదై, వడిగలదై, రొమ్ము పైభాగముననే ఆడును. అట్లు తొందరగా ఊపిరి తీయుటచే నెత్తుటిలోని బొగ్గుపులుసు వాయువు మితిమీరి వెలికిపోవును. అందుచే తల తిరుగును, వ్రేళ్లు తిమ్మిరెక్కును. ఆ తిమ్మిరిని చూచి భయము రెట్టించును. గుండెను మెల్లగా కొట్టుకొమ్మన్నచో అది మన మాట వినదు. ఊపిరి యట్లు కాదు; మనము మరచినను నడచును, ఆజ్ఞాపించినను వినును. కావున భయమునకు పగ్గము వేయదలచినవాడు ఊపిరినే పట్టుకొనవలెను.

గనిలో దిగినవారికి ఈ మర్మము సులభముగా బోధపడును. భూగర్భములోనికి మంచిగాలి ఒక మార్గమున దిగును; చెడినగాలి మరియొక మార్గమున వెలువడును. పెద్ద ఫ్యానును సాధారణముగా గాలి వెలువడు మార్గముననే నిలుపుదురు. అది చెడుగాలిని లాగివేయగా మంచిగాలి తనంత తానే లోనికి వచ్చును. బెదరిన బిడ్డ విషయమును ఇట్టిదే. "గట్టిగా పీల్చుము" అనుట నిండిన రొమ్మును ఇంకను నింపుట యగును. "మెల్లగా విడువుము" అని చెప్పవలెను.

సాధన యిది. వెన్ను నిలిపి, పాదములు నేలనాన్చి కూర్చుండి, ఒక చేయి పొట్టపై నుంచుకొనవలెను. నాలుగు లెక్కించునంతసేపు ముక్కుతో గాలి పీల్చవలెను. పొట్ట పైకి లేవవలెను. ఆరు లెక్కించునంతసేపు మెల్లగా విడువవలెను. అంకె యొక్కింటికి ఒక సెకండు చొప్పున నిమిషమునకు ఆరు ఊపిరులగును. ఊరక కూర్చున్నవానికి నిమిషమునకు పండ్రెండునకు తక్కువ గాకుండ ఆడుట పరిపాటి. ఐదు నిమిషములు చాలును. తల తిరిగినచో మాని, సహజముగా ఊపిరి తీయవలెను. ఉబ్బసము గలవారు వైద్యుని అడిగి మొదలుపెట్టుట మేలు.

మన పెద్దలు పీల్చుటను పూరకమనియు, నిలుపుటను కుంభకమనియు, విడుచుటను రేచకమనియు పేర్కొని, వానిని ఒకటి, నాలుగు, రెండు పాళ్లలో సాధించిరి. అంతటి కుంభకము గురువు కనుసన్నలలో చేయవలసినది. పరీక్షకు పోవు పిల్లలకు వలదు. విడుపు పీల్పుకంటె దీర్ఘముగా నుండవలెనను సంగతి మాత్రము గ్రహించిన చాలును. దీనికి మంత్రము అక్కరలేదు, ఉపనయనము అక్కరలేదు. ఏ మతమువారైనను, బాలురైనను బాలికలైనను చేయవచ్చును. పతంజలి ప్రాణాయామమును ధారణకు ముందుంచెను. అష్టావధానములో అప్రస్తుత ప్రసంగి ఎంత కలచినను తుదకు పద్యములన్నియు ధారణ చేయు అవధానికి కావలసినదియు ఈ నెమ్మదియే. 2023లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించిన పరిశీలనలో, దినమునకు ఐదు నిమిషముల చొప్పున ఒక నెల శ్వాససాధన చేసినవారిలో, విడుపును దీర్ఘము చేసినవారి మనస్సు ఎక్కువ తేటపడినట్లు కనబడెను.

అయితే పరీక్షనాటి ఉదయము నేర్చిన విద్య పరీక్షకు అక్కరకు రాదు. నెల ముందునుండి దినదినము అలవరచుకొనవలెను. పరీక్షాగదిలో పత్రము విప్పుటకు ముందు పది ఊపిరులు తీయుడు. మూడు గంటలలో అది రెండు నిమిషములైనను కాదు. పిమ్మట బాగుగా తెలిసిన ప్రశ్నతో ఆరంభింపుడు. చదువని పాఠమును ఊపిరి తెచ్చి యీయదు. చదివిన పాఠమునకు అడ్డుపడిన తెరను మాత్రము తొలగించును.

తల్లిదండ్రులకు ఒక మాట. 2019 ఏప్రిల్‌లో ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిమ్మట మన తెలంగాణమున ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఆ ఫలితములలోనే తప్పులు దొర్లినట్లు తరువాత తేలినది. తెలుగులో 99 మార్కులు వచ్చిన ఒక విద్యార్థినికి మొదట సున్న పడెను. ఆ కాగితమే తప్పగలదు. ఒకవేళ తప్పకపోయినను, అది బిడ్డ విలువకు తుదితీర్పు కాదు. ఊపిరి పరీక్షాగదిలోని దడను తగ్గించును గాని, ఇంటిలోని నిందను తగ్గింపజాలదు. అది మీ పని. నిద్ర పట్టక, అన్నము సయింపక, బ్రదుకు వలదని పలుకు బిడ్డను ఒంటరిగా విడువకుడు. 2022లో నెలకొల్పిన టెలీ మానస్ వారికి 14416 సంఖ్యకు రాత్రింబవళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును.

గనిలో దిగినవాడు పైకి వచ్చినపుడు ఎన్ని టన్నుల బొగ్గు తీసితివని ఇల్లాలు అడుగదు. క్షేమముగా వచ్చుటయే ఆమెకు పదివేలు. పరీక్ష వ్రాసివచ్చిన బిడ్డతోను మొదటి మాట అట్టిదే కావలెను: "వచ్చితివా తల్లీ, కాళ్లు కడుగుకొని అన్నము తినుము." లెక్కలు తరువాత చూచుకొనవచ్చును.