ఈ ఏడు ఎన్ని పుస్తకాలు?

(ముంబయిలోని మన తెలుగు సిబ్బంది కుటుంబాల నూతన సంవత్సర సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కొత్త సంవత్సరంలో ఎన్ని పుస్తకాలు చదవాలి, ఎలా లక్ష్యం పెట్టుకోవాలి అన్న విషయం మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఎంబీఏ చదివినవాణ్ణి, లక్ష్యాల గురించి బాగా చెబుతాడని నన్ను ఎంచుకున్నట్టున్నారు. నిజం చెబితే, ఈ విషయంలో నా ట్రాక్ రికార్డు ఏమంత బాగాలేదు.

రెండేళ్ల కిందట జనవరి ఒకటిన 52 పుస్తకాలు చదవాలని తీర్మానించుకున్నాను. వారానికి ఒకటి. ఎక్సెల్ షీటు తయారుచేశాను: పుస్తకం పేరు, పేజీలు, మొదలుపెట్టిన తేదీ, ముగించిన తేదీ, లక్ష్యంలో ఎంత శాతం. థానే నుంచి సీఎస్‌ఎంటీకి లోకల్లో దాదాపు గంట ప్రయాణం. ఆ గంట పుస్తకానికే అనుకున్నాను.

మొదటి నెల బాగానే సాగింది. ఫిబ్రవరిలో వెనకబడ్డాను. మార్చి సంగతి మీకు చెప్పక్కర్లేదు, ఆ నెలలో మనం ఇంటి కరెంటు బిల్లు కూడా చదవం. ఏప్రిల్లో లోటు పూడ్చుకోవడానికి సన్నటి పుస్తకాలు వెతకడం మొదలుపెట్టాను. ఎన్నాళ్లుగానో చదవాలనుకుంటున్న విశ్వనాథ వారి 'వేయిపడగలు' అటక మీదికి చేరింది. అంత లావు పుస్తకం చదివినా షీటులో పడేది ఒక్క అంకే కదా! నూరు పేజీల పుస్తకాలు, అవీ సగం పేజీలు తిప్పేస్తూ. మా ఆవిడ ఒకరోజు చూసి, "ఏవండీ, మీరు పుస్తకం చదవడం లేదు, ఇయర్ ఎండ్ క్లోజింగ్ చేస్తున్నారు" అంది.

మేనేజ్‌మెంట్ క్లాసులో చదువుకున్న మాటే అది. ఛార్లెస్ గుడ్‌హార్ట్ అనే ఆర్థికవేత్త బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో పనిచేస్తూ, ద్రవ్య విధానం గురించి 1975లో ఒక సంగతి గమనించాడు. కొలవడానికి వాడుకునే అంకెనే పట్టుకుని నడిపించబోతే, ఆ అంకె సరిగ్గా కొలవడం మానేస్తుంది. బ్యాంకులో ఉన్న మనకు దీనికి ఉదాహరణలు కావాలా? మార్చి చివరి వారంలో తెరిచి, ఏప్రిల్లో ఖాళీ అయిపోయే ఖాతాలు నేనూ తెరిపించాను. నా 52 పుస్తకాలూ అలాంటి ఖాతాలే. డిసెంబరు 31కి 41 తేలాయి. "వాటిలో ఏది బాగుంది నాన్నా?" అని మా అమ్మాయి అడిగితే, జవాబు కోసం షీటు తెరవాల్సి వచ్చింది.

పోయిన సంక్రాంతికి మా ఊరు వెళ్లాం. మాది కృష్ణా జిల్లా, అవనిగడ్డ దగ్గర. అమ్మకి అప్పుడే శుక్లాల ఆపరేషన్ అయింది. కంటికి శ్రమ వద్దన్నారు. మధ్యాహ్నం మంచం మీద పడుకుని, "ఈ కథ కాస్త చదివి వినిపించు తల్లీ" అంటూ మనవరాలికి వారపత్రిక ఇచ్చింది. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. నా బదిలీల పుణ్యమా అని లక్నోలో, భోపాల్‌లో, ఇక్కడ పెరిగింది. తెలుగు గలగలా మాట్లాడుతుంది. చదవడం రాదు. పత్రిక పట్టుకుని నా వంక చూసింది. అమ్మ ఏమీ అనలేదు. పత్రిక తీసుకుని మడిచి దిండు కింద పెట్టుకుంది.

ఆ ఎక్సెల్ షీటులో దీనికి ఏ గడీ లేదు.

తిరిగి వచ్చాక అక్షరాలు మొదలుపెట్టాం. గుణింతాలు, ఒత్తులు పట్టుబడేసరికి ఉగాది వచ్చింది. పుస్తకం నేనే ఎంచాను: శంకరమంచి సత్యం గారి 'అమరావతి కథలు'. నూరు చిన్న కథలు, బాపు బొమ్మలు. 1979లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. శ్యామ్ బెనెగల్ హిందీలో దూరదర్శన్ సీరియల్‌గా కూడా తీశారు. హిందీ బాగా వచ్చిన మా అమ్మాయి అది చూసేస్తే సరిపోతుందని బేరం పెట్టింది. ఒప్పుకోలేదు. బుధవారం, ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్లో నాయనమ్మకి ఒక కథ చదివి వినిపించాలి. లక్ష్యం అంతే.

మొదట్లో నాలుగు పేజీలకు నలభై నిమిషాలు పట్టేది. ఒత్తు దగ్గర ఆగితే అవతలి నుంచి అమ్మ అందించేది. 'వరద' కథ వచ్చిన రోజు మాత్రం సగంలోనే ఆపించింది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన రాత్రి గురించి చెప్పడం మొదలుపెట్టింది. అప్పటికి తనకి ఇరవై ఏళ్లు. పక్కింటి పిల్లవాణ్ణి చంకనేసుకుని ఊళ్లో ఉన్న ఒక్క డాబా మీద రాత్రంతా నిలబడిందట. తెల్లారాక జనం తమవాళ్లు కట్టుకున్న చీరల రంగులు చెప్పుకుంటూ వెతికారట. నాకు నలభై ఆరేళ్లు. ఉప్పెన గురించి విన్నాను గానీ, మా అమ్మ ఆ డాబా మీద ఉందని ఆ రాత్రే తెలిసింది. కథ మిగిలిపోయింది. మళ్లీ బుధవారం పూర్తిచేశాం.

మీరు లక్ష్యం పెట్టుకుంటానంటే వద్దనను. కానీ పుస్తకాల సంఖ్య పెట్టుకోకండి, వేళ పెట్టుకోండి. ఒకేసారి ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయడం మన జీతాలకే కాదు, మన తీరికకీ కుదరదు. రికరింగ్ డిపాజిటే నయం. మార్చిని ముందే లెక్కలోంచి తీసేయండి. కిస్తీ 90 రోజులు రాకపోతే ఖాతా ఎన్‌పీఏ అంటాం కదా, పుస్తకంలో పెట్టిన గుర్తు 90 రోజులు కదలకపోతే నిస్సంకోచంగా రైటాఫ్ చేసేయండి. దీనికి ఏ ఆడిటరూ రాడు. ఇంకొకటి, దయచేసి పిల్లలకు టార్గెట్ ఇవ్వకండి. ఆ పదం మనం ఆఫీసు నుంచి ఇంటికి తెచ్చిన సామాన్లలో అన్నిటికంటే చెడ్డది.

మా సంగతి అంటారా, పరీక్షలు, జ్వరాలు, అమ్మ చెప్పే సొంత కథలు పోను డిసెంబరు 31కి నూటిలో 43 అయ్యాయి. రివ్యూ మీటింగులో చెబితే నిలబెట్టి అడిగే అంకె. ఈమధ్య అమ్మే ముందుగా ఫోన్ చేస్తోంది.

ఇవాళ ఆదివారం. ఇప్పుడు ఏడుంబావు. ఇక్కడి నుంచి థానే చేరడానికి గంటైనా పడుతుంది. భోజనాలకు ఉండలేకపోతున్నందుకు కార్యదర్శి గారు క్షమించాలి. నలభై నాలుగో కథ ఉంది.